రిపోర్టులో నార్మల్ అనే ఉంది, ఇంకా భయమెందుకు?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు మగవాళ్ళ ఆరోగ్యం గురించే అయినా, రాసేది మాత్రం ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళే. మగవాళ్ళు రాస్తే "మా ఫ్రెండ్ ఒకతను ఉన్నాడు" అని మొదలుపెడతారు. ఫరవాలేదు, ఆ ఫ్రెండుకే జవాబు చెబుతాను. ఉత్తరాలను కుదించాను, పేర్లు తీసేశాను.

*

ప్రశ్న: నాకు 64 ఏళ్ళు. ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. రాత్రిళ్ళు మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నానని ఏడాదిన్నర కింద డాక్టరు గారు టాంసులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన క్యాప్సూల్ రాశారు. ఇప్పుడు ఒక్కసారే లేస్తున్నాను. మొన్న ఫుల్ బాడీ చెకప్‌లో పీఎస్ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష 3.4 వచ్చింది. పక్కన "నార్మల్: 4 లోపు" అని ఉంది. నేను నిశ్చింతగానే ఉన్నాను గానీ, ఫార్మసీ చదివిన మా కోడలు మీకు రాయమని పట్టుబట్టింది. అవసరమా? (మల్కాజ్‌గిరి)

జవాబు: ముందు మీ కోడలికి నా నమస్కారం చెప్పండి. అవసరమే.

మీ క్యాప్సూల్‌లో రెండు మందులున్నాయి. టాంసులోసిన్ మూత్రసంచి మెడ దగ్గరి కండరాన్ని వదులు చేస్తుంది. కొద్ది రోజుల్లోనే ధారలో తేడా తెలుస్తుంది. డ్యూటాస్టెరైడ్ మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథినే కుదిస్తుంది, దానికి ఆరు నెలలు పడుతుంది. అలా కుదిస్తూ రక్తంలోని పీఎస్ఏను కూడా సుమారు సగానికి దించేస్తుంది. కాబట్టి మీ 3.4ను రెండింతలు చేసి 6.8గా చదువుకోవాలి. మీరేం మందు వాడుతున్నారో ల్యాబ్ కంప్యూటరుకు తెలియదు, అందుకే నార్మల్ అని కొట్టింది. బట్టతల రాకుండా ఫినాస్టెరైడ్ వేసుకునే నలభై, యాభై ఏళ్ళ వాళ్ళకూ ఇదే లెక్క. అది 1 మిల్లీగ్రాము చిన్న మాత్రే అయినా సరే. రక్తం ఇచ్చేటప్పుడు ఈ మందుల పేర్లు చెప్పేవాళ్ళు దాదాపు లేరు, అడిగేవాళ్ళు అంతకన్నా లేరు.

6.8 అంటే క్యాన్సర్ అని కాదు. వయసుతో ఉబ్బిన గ్రంథి, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఈమధ్య మూత్రానికి పైపు వేయించుకోవడం, పరీక్షకు ఒకటి రెండు రోజుల ముందు వీర్యస్ఖలనం, ఇవన్నీ పీఎస్ఏను పెంచగలవు. ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. బీరువాలో పాత ఫైలు తీసి, క్యాప్సూల్ మొదలుపెట్టక ముందు పీఎస్ఏ ఎంతో చూడండి. అప్పుడు 7 ఉండి ఇప్పుడు 3.4కు వచ్చిందంటే మందు తన పని చేసిందన్నమాట. అప్పుడూ 3 చిల్లరే ఉండి ఇప్పుడూ అంతే ఉందంటే, తగ్గాల్సింది తగ్గలేదు. మందు మీద ఉండగా బాగా కిందికి దిగిన అంకె మళ్ళీ లేవడం మొదలుపెడితే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

తర్వాత మూత్ర పరీక్ష, కొన్ని వారాలకు మళ్ళీ పీఎస్ఏ, యూరాలజిస్టు దగ్గర వేలితో చేసే పరీక్ష. వేలి పరీక్ష అనగానే లేచి వెళ్ళిపోయిన రిటైర్డ్ పోలీసు అధికారులు నాకు తెలుసు. అర నిమిషం పని అది. అప్పటికీ అనుమానం తీరకపోతే, పాతరోజుల్లోలాగా నేరుగా సూదులు గుచ్చి ముక్క తీసే బయాప్సీ చేయరు. ముందు ప్రోస్టేట్ ఎంఆర్ఐ తీస్తారు. 2018లో వచ్చిన ప్రెసిషన్ అనే అధ్యయనంలో 500 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. ముందు ఎంఆర్ఐ తీసిన జట్టులో నూటికి 28 మందికి బయాప్సీయే అవసరం పడలేదు. అయినా పట్టుకోవాల్సిన ప్రమాదకరమైన క్యాన్సర్లు ఆ జట్టులోనే ఎక్కువ దొరికాయి: నూటికి 38, నేరుగా బయాప్సీ చేసిన జట్టులో 26. ఎంఆర్ఐ రిపోర్టులో పిరాడ్స్ అని 1 నుంచి 5 దాకా మార్కులుంటాయి. ఇక్కడ ఎక్కువ మార్కులు రావడం మంచిది కాదు. 4, 5 వస్తే బయాప్సీ చేయించాల్సిందే. 3 వస్తే మిగతా వివరాలు చూసి నిర్ణయిస్తారు.

మీరు అడగలేదు గానీ, తర్వాతి ఉత్తరంలో తప్పకుండా అడుగుతారు: "సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందట కదా?" అలా జరగడం అత్యంత అరుదు. బయాప్సీలో అసలు భయం ఇన్ఫెక్షన్. మలద్వారం గోడ గుండా సూది పంపే పాత పద్ధతిలో అది ఎక్కువ. వృషణాల సంచికీ మలద్వారానికీ మధ్యనున్న చర్మం గుండా పంపే పద్ధతిలో తక్కువ. హైదరాబాద్‌లో రెండూ చేస్తున్నారు. ఏ పద్ధతిలో చేస్తారని అడగండి, అడిగినందుకు ఏ డాక్టరూ చిన్నబుచ్చుకోడు.

ఒకవేళ తక్కువ ప్రమాదపు రకం క్యాన్సర్ తేలినా వెంటనే ఆపరేషన్ టేబుల్ ఎక్కనక్కర్లేదు. బ్రిటన్‌లో ప్రోటెక్ట్ అనే అధ్యయనంలో 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, గమనిస్తూ ఉండటం అని మూడు దారులుగా పంచి 15 ఏళ్ళు చూశారు. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు మొత్తం మీద నూటికి ముగ్గురి లోపే. మూడు జట్ల మధ్యా పెద్ద తేడా లేదు. అయితే, గమనిస్తూ ఉన్న జట్టులో క్యాన్సర్ ఇతర చోట్లకు పాకడం మిగతా రెండు జట్లకన్నా రెట్టింపు కనిపించింది, వాళ్ళలో సగానికి పైగా తర్వాత ఏదో ఒక చికిత్స తీసుకున్నారు. కాబట్టి గమనించడమంటే ఇంట్లో కూర్చోవడం కాదు. నియమం తప్పకుండా పీఎస్ఏ, ఎంఆర్ఐ, అవసరమైతే మళ్ళీ బయాప్సీ. మా అమెరికా అబ్బాయి వచ్చాక చేయిస్తాం అనే కుటుంబాలకు ఈ దారి నేను సూచించను.

పీఎస్ఏ వల్ల నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అని అడిగేవాళ్ళకు కూడా ఇక్కడే చెబుతాను. యూరప్‌లో ఎనిమిది దేశాల్లో నడిచిన పెద్ద అధ్యయనం 23 ఏళ్ళ లెక్కలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచినవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. లాభం నిజమే, కానీ చిన్నది, నిదానంగా వచ్చేది. 55 ఏళ్ళవాడికి అది లెక్కలోకి వస్తుంది. 80 ఏళ్ళ పెద్దాయనకు ఏ ఇబ్బందీ లేకుండా ప్యాకేజీలో భాగంగా పీఎస్ఏ చేయించి, ఆ అంకె పట్టుకుని ఇల్లంతా టెన్షన్ పడటం నాకు నచ్చదు. తండ్రికో అన్నకో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిన ఇంట్లో మాత్రం 45 నుంచే యూరాలజిస్టుతో మాట్లాడటం మంచిది.

*

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి 46 ఏళ్ళు. ఐటీలో టీమ్ లీడ్. ఎనిమిదేళ్ళుగా షుగర్. ఏడాదిగా మా మధ్య కలయిక లేదు. అంగం గట్టిపడటం లేదని ఒకసారి చెప్పారు, మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వరు. ఈమధ్య ఎక్కడో అంగానికి తరంగాలతో చేసే షాక్‌వేవ్ చికిత్స ప్యాకేజీ చూసి డబ్బు కట్టబోతున్నారు. అంతకుముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన "మూలికల" గుళికలు వాడితే పనిచేసిందని, కానీ గుండె దడ వచ్చిందని అన్నారు. ఇది పని ఒత్తిడేనంటారా? (కూకట్‌పల్లి)

జవాబు: అమ్మా, ఆయన రాయకపోయినా మీరు రాశారు, మంచి పని చేశారు. ఒత్తిడి కొంత ఉండొచ్చు. కానీ 46 ఏళ్ళ షుగర్ మనిషికి ఈ ఇబ్బంది ఏడాదిగా ఉందంటే నేను ముందు ఆలోచించేది గుండె గురించి.

అంగానికి రక్తం తెచ్చే ధమనుల లోపలి వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండె ధమనులు 3 నుంచి 4. రెండింట్లోనూ పట్టేది ఒకే కొవ్వు, ఒకే గార. బోరు నీళ్ళకు సన్న పైపు ముందు పూడినట్టు, ఇక్కడ ముందు తెలుస్తుంది. గుండెనొప్పి రావడానికి రెండు నుంచి ఐదేళ్ళ ముందే ఇది కనబడటం మామూలు. అందుకని ఆయన్ను సెక్స్ డాక్టరు దగ్గరికి పదండి అనకండి, రారు. బీపీ, మూడు నెలల షుగర్ సగటు, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకుందాం పదండి అనండి. అది అబద్ధమేమీ కాదు. నేనైనా ముందు అవే రాస్తాను. వాటితో పాటు పొద్దున్నే తీసిన రక్తంలో టెస్టోస్టెరాన్.

తెల్లవారుజామున దానంతటదే గట్టిపడుతోందా అని డాక్టరు అడుగుతారు. అవుతుంటే మనసు, నిద్ర, ఒత్తిడి వైపు చూస్తాం. అస్సలు కాకపోతే రక్తనాళాలు, నరాల వైపు.

ఆ గుళికల విషయం. మూలికల పేరుతో అమ్మే ఇలాంటి వాటిలో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) పొడి కలిపి అమ్మడం చాలా దేశాల్లో అధికారులు పట్టుకున్నారు. పనిచేసింది అంటున్నారంటే నాకు అదే అనుమానం. ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు ఇది తీసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పుడైనా ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్తే, సిల్డెనాఫిల్ అయితే 24 గంటల్లోపు, అదే జాతి మందు టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు వేసుకున్న సంగతి అక్కడి డాక్టరుకు చెప్పి తీరాలి. సిగ్గుపడి దాస్తే వాళ్ళు నైట్రేట్ ఇస్తారు.

డాక్టరు రాసిచ్చిన సిల్డెనాఫిల్ మాత్రం 1998 నుంచి ప్రపంచమంతా వాడుతున్న మందు. పనిచేయలేదని వచ్చేవాళ్ళలో చాలామంది బిర్యానీ తిని వేసుకున్నవాళ్ళే. కొవ్వు భోజనం మీద అది ఆలస్యమవుతుంది. ఖాళీ కడుపున, గంట ముందు వేసుకోవాలి. కోరిక లేకుండా మాత్ర ఒక్కటే ఏమీ చేయదు. ఒకసారి వేసి వదిలేయకుండా డాక్టరు చెప్పినట్టు కొన్నిసార్లు ప్రయత్నించాలి.

షాక్‌వేవ్‌కు డబ్బు కట్టకండి. అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు దాన్ని ఇంకా ప్రయోగ దశలోనే పెట్టాయి. సొంత రక్తం నుంచి ప్లాస్మా తీసి అంగంలోకి ఎక్కించేదీ అంతే. కొందరికి తేలిక లాభం ఉండొచ్చు, కానీ అధ్యయనంలో చేరినవాడు డబ్బు కట్టడు. కట్టించుకుంటున్నారంటే అది అధ్యయనం కాదు. ఆ డబ్బుతో షుగర్ డాక్టరును, గుండె డాక్టరును చూసి, ఇద్దరూ కలిసి ఎక్కడికైనా నాలుగు రోజులు వెళ్ళి రండి.

*

ప్రశ్న: సార్, నాకు 29. జిమ్ ట్రైనర్ చెప్పాడని రెండేళ్ళ నుంచి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నా. బాడీ బాగా వచ్చింది. పెళ్ళై ఏడాదిన్నర. పిల్లలు కాలేదని టెస్టు చేయిస్తే వీర్యకణాల కౌంట్ సున్నా అన్నారు. హార్మోన్ ఎక్కించుకుంటే కౌంట్ పెరగాలి కదా సార్? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: లేదు తమ్ముడూ, సరిగ్గా తిరగబడుతుంది. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు ఇక వృషణాలకు ఆర్డరు పంపడం మానేస్తుంది. అవి పని ఆపి చిన్నవవుతాయి. ఇది ఎంత ఖాయమంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారం వారం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌ను మగవాళ్ళ గర్భనిరోధకంగానే పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. మీరు తెలియకుండా రెండేళ్ళు కుటుంబ నియంత్రణ పాటించారు.

ఇంజెక్షన్లు ఆపాలి, కానీ డాక్టరు పర్యవేక్షణలో. ఆపిన మొదటి నెలల్లో నీరసం, దిగులు, కోరిక లేకపోవడం బాగా వేధిస్తాయి. ఆ దశలోనే చాలామంది మళ్ళీ సూది పట్టుకుంటారు. ఒక వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి వచ్చే నెల కౌంట్ చూసి ఏడవకండి. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో తిరిగి వస్తుంది, కొందరికి రెండేళ్ళు పడుతుంది. హెచ్‌సీజీ, క్లోమిఫీన్ లాంటి మందులతో వృషణాలను లేపే ప్రయత్నం చేస్తారు. ఇంజెక్షన్లతో పాటు ట్రైనర్ ఇంకేమేం ఇచ్చాడో పేర్లు రాసుకుని వెళ్ళండి. ఆపేసి చాలాకాలమైనా సున్నాయే ఉంటే వేరే కారణాలు కూడా వెతకాలి. ఈలోగా మీ భార్యను ఆసుపత్రుల చుట్టూ తిప్పకండి, ఇంట్లోవాళ్ళ మాటలు ఆ అమ్మాయి మీద పడనివ్వకండి.

నిజంగా హార్మోన్ తక్కువున్న నడివయసు వాళ్ళకు డాక్టర్లు టెస్టోస్టెరాన్ ఇస్తారు. దానివల్ల గుండెపోట్లు పెరుగుతాయా అన్న భయం మీద ట్రావర్స్ అనే అధ్యయనం 5,000 మందికి పైగా మగవాళ్ళ మీద జరిగింది. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం గుండెపోట్లు, పక్షవాతాలు పెరగలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కాస్త ఎక్కువ కనిపించాయి. అది పరీక్ష చేసి, కొలిచి, జెల్ ఇచ్చినవాళ్ళ సంగతి. మీ ట్రైనర్ సీసా సంగతి కాదు.

*

ప్రశ్న: నేను బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తా. ఎడమవైపు కిడ్నీ నాళంలో కింద 6 ఎంఎం రాయి ఉందని స్కానింగ్‌లో వచ్చింది. పోయిన ఏడాది కుడివైపు వచ్చింది, అప్పుడు లోపల పైపు వేసి తీశారు. పాలు, టమాటా మానేయమన్నారు. బీరు తాగితే కొట్టుకుపోతుందని దోస్తులంటున్నరు. (ఉప్పల్)

జవాబు: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది రాయి కాదు, "లోపల పైపు వేసి తీశారు" అన్న మాట. రాయి తీశారా, పైపు తీశారా? డీజే స్టెంట్ అనే ఆ పైపును సాధారణంగా కొన్ని వారాల్లో తీసేయాలి. తీయించుకోవడం మర్చిపోయి ఏళ్ళ తర్వాత, దాని చుట్టూ రాళ్ళు పేరుకుని కిడ్నీ పాడయ్యాక వచ్చేవాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాం. డిశ్చార్జి కాగితం చదివించుకోండి. అనుమానం ఉంటే ఒక ఎక్స్‌రే చాలు, అందులో కనబడుతుంది.

6 మిల్లీమీటర్ల రాయి నాళం కింది భాగంలో ఉంటే దానంతటదే పడే అవకాశం బాగానే ఉంది. టాంసులోసిన్ కొంత సాయపడుతుంది. నాలుగు వారాల దాకా చూస్తాం, మధ్యలో మళ్ళీ స్కానింగ్. కానీ నొప్పితో పాటు చలిజ్వరం వచ్చిందో, ఆ రోజు ఆర్డర్లు పక్కనపెట్టి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. అడ్డుపడ్డ కిడ్నీలో చీము చేరితే గంటల మీద ప్రాణం పోతుంది.

పాలు మానేయకండి. ఇటలీలో 120 మంది మగవాళ్ళను ఐదేళ్ళు గమనించి 2002లో చెప్పిన సంగతి ఇది: కాల్షియం తగ్గించినవాళ్ళకన్నా, కాల్షియం మామూలుగా తీసుకుని ఉప్పు, మాంసం తగ్గించినవాళ్ళకు రాళ్ళు సగమే వచ్చాయి. పెరుగు, మజ్జిగ తాగండి, మజ్జిగలో ఉప్పు వద్దు. టమాటా పాపం ఏమీ చేయదు. పాలకూర, గోంగూర తగ్గించండి, ఊరగాయ ఇంకా తగ్గించండి. నిమ్మకాయ నీళ్ళు మంచివే, చక్కెర లేకుండా.

బీరు తాగితే ఆ రాత్రి మూత్రం ఎక్కువ పోతుంది, తెల్లారేసరికి ఒళ్ళు ఎండిపోతుంది. నీళ్ళు చాలు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేంత తాగాలి, ఏప్రిల్ ఎండలో బైక్ మీద అయితే తాగాల్సింది అంతకు చాలా ఎక్కువ. మీరు తాగకపోవడానికి కారణం నాకు తెలుసు, దారిలో పోయడానికి చోటుండదు. మెట్రో స్టేషన్లు, పెట్రోలు బంకులు గుర్తు పెట్టుకోండి. ఆర్డరు తీసుకునే హోటల్లో టాయిలెట్ అడగడానికి మొహమాటపడొద్దు.

*

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. ఇక పిల్లలు కాకుండా ఆపరేషన్ నేను చేయించుకుంటానంటే మా అమ్మ ఒప్పుకోవడం లేదు. మగపిల్లాడు బలం పోగొట్టుకుంటాడా అంటుంది. ఇంజెక్షన్‌తో చేసే కొత్తది వచ్చిందంటారు, దానికోసం ఆగమంటారా? (బోడుప్పల్)

జవాబు: ఆగకండి. మీరు వినింది రిసుగ్, వీర్యకణాల నాళంలోకి ఇచ్చే ఇంజెక్షన్. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సుజయ్ గుహ గారు కనిపెట్టినది. భారత వైద్య పరిశోధన మండలి 303 మంది మీద చేసిన మూడో దశ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి, గర్భం ఆపడంలో 99 శాతం పనిచేసింది. అది ఆసుపత్రుల్లో మామూలుగా దొరికేదాకా కోత లేని వేసక్టమీ (మగవాళ్ళ కుటుంబ నియంత్రణ ఆపరేషన్) ఉండనే ఉంది. 1974లో చైనాలో మొదలైన పద్ధతి. అక్కడికే మత్తిచ్చి, చిన్న రంధ్రం చేసి, పావుగంటలో అయిపోతుంది. కుట్లుండవు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

బలం ఎక్కడికీ పోదు. హార్మోన్ రక్తంలోకి వెళ్ళే దారి వేరు, మనం ఆపేది వీర్యకణాల నాళాన్ని. వీర్యం పరిమాణంలో తేడా కూడా కంటికి కనబడదు. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: మర్నాటి నుంచే పనిచేయదు. మూడు నెలలాగి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే కండోమ్ మానండి. ఆపరేషన్ ఫెయిలైందని వచ్చేవాళ్ళలో చాలామంది ఈ పరీక్ష చేయించుకోనివాళ్ళే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆపరేషన్ చేయించుకున్న భార్యలు 37.9 శాతం, భర్తలు 0.3 శాతం. రెండుసార్లు కడుపు కోయించుకున్న కోడలికి మూడోసారి వద్దనే ఈ పని చేస్తున్నానని అమ్మగారికి చెప్పి చూడండి. అప్పటికీ ఒప్పుకోకపోతే, మీకు ఆమె సంతకం అక్కర్లేదు.

*

ప్రశ్న: వయసు 72. ప్రోస్టేట్ 110 గ్రాములు. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మందులు వాడుతున్నాను. ఒకచోట ఆవిరితో పావుగంటలో చేస్తామన్నారు, ఇంకోచోట హోలెప్ లేజర్ అన్నారు. ఏది కొత్తదైతే అది చేయించుకుందామని. (వనస్థలిపురం)

జవాబు: కొత్తదానికన్నా మీ గ్రంథి కొలత ముఖ్యం. ఆవిరి పద్ధతి ప్రధానంగా 30 నుంచి 80 గ్రాముల గ్రంథుల కోసం. వీర్యం మామూలుగా బయటికి రావడం కావాలనుకునే వాళ్ళకు అది మంచి దారి, అయితే కొన్ని రోజులు పైపుతో ఉండాలి, పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. మీ 110 గ్రాములకు హోలెప్ సరైనది. గ్రంథి ఎంత పెద్దదైనా లోపలి భాగమంతా ఒలిచి తీస్తారు, రక్తస్రావం తక్కువ, తీసిన ముక్క పరీక్షకు వెళ్తుంది. ఆ తర్వాత వీర్యం బయటికి రాకుండా మూత్రసంచిలోకి వెళ్తుంది. హాని లేదు, ముందే తెలిసి ఉండాలంతే. చేసే డాక్టరుకు ఇందులో చెయ్యి తిరిగి ఉండాలి, ఎన్ని చేశారని అడగండి. స్టెంట్ మందులు ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరే చెప్పాలి.

*

ప్రశ్న: మా నాన్నగారికి వచ్చే వారం శుక్లం ఆపరేషన్. ప్రోస్టేట్‌కి టాంసులోసిన్ వాడుతున్నారు. కంటికీ దీనికీ సంబంధమేమిటని ఎవరికీ చెప్పలేదు. ఆపేయాలా? (మెహదీపట్నం)

జవాబు: మీ అంతట మీరు ఆపకండి, మూత్రం బిగుసుకుపోతే ఆపరేషన్ రోజు ఇంకో గొడవ. కానీ కంటి డాక్టరుకు ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. ఈ మందు కనుపాపను కూడా వదులు చేస్తుంది, ఆపరేషన్ మధ్యలో అది అల్లాడి చిక్కులు తెస్తుంది. మందు ఆపినా ఆ ప్రభావం పూర్తిగా పోదు, ఎప్పుడో వాడి మానేసినా చెప్పాల్సిందే. ముందే తెలిస్తే వాళ్ళు తగిన జాగ్రత్తలతో సిద్ధంగా ఉంటారు. ఆపరేషన్ రోజు మాత్రల అట్ట కూడా పట్టుకెళ్ళండి.